గుట్ట మీద తమ్ముడు, కావ్యంలో అన్న

సాహిత్యంలో మానవ స్వభావం గురించి నాలుగు మాటలు చెప్పమంటే మా తెలుగు పంతుళ్లం వేమన దగ్గర ఎత్తుకుని గురజాడ దగ్గర దించుతాం. ఇంగ్లీషు చదివినవాళ్లయితే హాబ్స్, రూసోల పేర్లు కూడా జోడిస్తారు. ఏండ్ల తరబడి చొప్పదండిలో పిల్లలకు పద్యాలు వల్లె వేయించిన నేనూ అదే చేశాను. ఇప్పుడైతే గంగాధర మండలంలోని కురిక్యాల బొమ్మలగుట్ట దగ్గర మొదలుపెడతాను. చొప్పదండి నుంచి ఎంతో దూరం లేదు.

పదో శతాబ్దం నడుమ ఈ ప్రాంతం సబ్బినాడు. రాజధాని వేములవాడ, రాజు రెండో అరికేసరి. రాష్ట్రకూటులకు సామంతుడు, చాళుక్య వంశం. ఆయన కొలువులో పంప కవి ఉండేవాడు. కన్నడిగులు ఆదికవి అని నెత్తిన పెట్టుకునే పంపడే. ఆయన తమ్ముడు జినవల్లభుడు ఈ గుట్ట మీద జైన మూర్తులు మలిపించి, కింద శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద ఉన్నాయి. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలు. నన్నయ భారతం కంటే సుమారు నూరేండ్లు ముందువి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన సందర్భంలో వీటి పేరు గట్టిగానే వినబడింది. ఆ తరువాత మళ్లీ ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

ఈ అన్నదమ్ముల పుట్టుపూర్వోత్తరాలు కూడా చాలావరకు ఆ రాయే చెప్తుంది, మిగిలింది పంపడి కావ్యం చెప్తుంది. తండ్రి తాతలది గుంటూరు దిక్కు కమ్మనాటిలోని వంగిపర్రు. శ్రీవత్స గోత్రం, జమదగ్ని ప్రవర, వైదిక బ్రాహ్మణులు. పూర్వికుల్లో మాధవ సోమయాజి యజ్ఞాలు చేసినవాడు. తండ్రి భీమపయ్య జైనం పుచ్చుకున్నాడు. తల్లి అబ్బణబ్బె వాళ్లది ధార్వాడ దిక్కు అణ్ణిగేరి. ఆంధ్ర తండ్రి, కన్నడ తల్లి, కాపురం తెలంగాణలో. వీళ్లలో ఎవరిని ఏ రాష్ట్రం ఖాతాలో రాయాలని కొట్లాడేవాళ్లను ఆ బండ ముందర కూర్చోబెట్టాలి.

ఇక అసలు సంగతి. పంపడు 941లో పూర్తి చేసిన ఆదిపురాణం మొదటి తీర్థంకరుడు వృషభనాథుడి కథ. దానికి మూలం తొమ్మిదో శతాబ్దపు జినసేనాచార్యుడి సంస్కృత పురాణం. ఆ పురాణం ప్రకారం మొదట్లో మనుషులకు పని లేదు. అడిగిందల్లా కల్పవృక్షాలే ఇచ్చేవి. కొట్లాట లేదు, కొరత లేదు. కాలం గడిచేకొద్దీ చెట్లు ఇవ్వడం మానేశాయి. ఆకలి మొదలైంది, ఆకలి వెంట భయం వచ్చింది. అప్పుడు వృషభుడు జనానికి ఆరు బతుకుతెరువులు నేర్పాడు: అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యం, శిల్పం. అంటే కత్తి, కలం, నాగలి, చదువు, బేరం, చేతిపని. మనుషులంతా పుట్టుకతో ఒకే జాతి, చేసే పనిని బట్టి వేర్వేరయ్యారన్నది జినసేనుడి మాట. పంపడు దాన్ని కన్నడంలోకి తెచ్చాడు. ఈనాటికీ కర్ణాటకలో సభ ఏదైనా ఆ మాట వినబడుతూనే ఉంటుంది.

1651లో హాబ్స్ లెవయతన్ రాస్తూ రాజ్యం లేని చోట మనిషి మనిషికి భయపడే బతుకు బతుకుతాడన్నాడు. తరువాతి శతాబ్దంలో రూసో దానికి అడ్డం తిరిగి మనిషిని చెడగొట్టింది సమాజమేనన్నాడు. జైన పురాణం వీళ్లిద్దరి దారిలోనూ లేదు. మనిషి మంచివాడా చెడ్డవాడా అని అది అడగదు, చెట్టు ఇవ్వకపోతే ఏం చేస్తాడని అడుగుతుంది. నాకు ఈ ప్రశ్నే నచ్చింది. కరువు చూసిన జిల్లావాళ్లం మరి.

అదే పురాణంలో ఇంకో ఘట్టం ఉంది. మొదటి మూడు వర్ణాలను వృషభుడు వృత్తిని బట్టి ఏర్పరిచాడు. బ్రాహ్మణులను మాత్రం ఆయన కొడుకు భరతుడు తరువాత ఏర్పరిచాడు. భరతుడు జనాన్ని పిలిచి వాకిట్లో పచ్చటి మొలకలు పరిపించాడట. వాటిని తొక్కుకుంటూ లోపలికి వచ్చినవాళ్లు వచ్చారు. మొలకలకు కూడా ప్రాణముందని తొక్కకుండా బయటే నిలబడినవాళ్లను పిలిచి గౌరవించి, వాళ్లను బ్రాహ్మణులన్నాడు. పుట్టుకను పక్కకు నెట్టి నడతను పరీక్షకు పెట్టిన కథ ఇది. సోమయాజుల ఇంట పుట్టిన పంపడు ఈ పురాణాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన రెండో కావ్యం విక్రమార్జున విజయంలోనూ ఇదే పేచీ నడుస్తుంది. అందులో అర్జునుడు అరికేసరికి మారుపేరు, కాబట్టి నాయకత్వం అర్జునుడిదే. కవి మనసు మాత్రం కర్ణుడి దగ్గర చిక్కుకుంది. కులం పేరెత్తి కించపరిచిన చోట పౌరుషం, గుణం, అభిమానం, ఇవే కులమన్న జవాబు ఆ కావ్యంలో ఎంత పదునుగా ఉందో కన్నడ తెలిసినవాళ్లు చదివి చెప్తుంటే విన్నాను.

ఇంత చెప్పిన కవి అదే కావ్యంలో తన తండ్రి గురించి చెప్పేచోట జాతులన్నిటిలోకి ఉత్తమమైన బ్రాహ్మణ జాతిలో పుట్టి ఉత్తమమైన జినధర్మాన్ని నమ్మాడని మురుసుకున్నాడు. తమ్ముడు ఇంకో అడుగు ముందుకేసి గోత్రం, ప్రవర గుట్టకు ఎక్కించాడు. అంతా ఒకే జాతి అని నమ్మిన ఇంట్లో గోత్రం ఎందుకు చెరగలేదు? కపటమని కొట్టేయడం సులువు. నాకు అట్లా అనిపించదు. చెప్పింది మనస్ఫూర్తిగానే చెప్పారు, వదలలేనిది వదలలేకపోయారు.

దీనికి జవాబు వాళ్ల పురాణంలోనే ఉంది. అన్న భరతుడిని గెలిచిన బాహుబలి గెలుపునూ రాజ్యాన్నీ వదిలేసి తపస్సుకు నిలబడతాడు. కాళ్లకు తీగలు పాకాయి, చుట్టూ పుట్టలు లేచి పాములు చేరాయి. అయినా జ్ఞానం కలగలేదు. తాను నిలబడ్డ నేల అన్నదేనన్న ముల్లు లోపల ఎక్కడో మిగిలే ఉందని జైనులు చెప్పుకుంటారు. ఆయన రాజధాని పౌదనపురం మన బోధనేనని ఒక సంప్రదాయం. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని కూడా బోధనే. బట్టలు, రాజ్యం విడిచినంత తేలికగా అహం విడవదని పంపడికి బాగా తెలుసు. అణువణువూ తెలిసే రాశాడు.

ఒకసారి శాసనం అక్షరాలు కూడబలుక్కుంటూ నిలబడితే గొర్లకాపరి ఒకాయన నవ్వాడు. "ఏం సారూ, మల్ల అచ్చిండ్రా? గా రాయి సదువుడు ఇంకా ఒడువలేదా?" అష్టభుజాలతో ఉన్న చక్రేశ్వరి, వృషభనాథుడి యక్షి, ఆయనకు బొమ్మలమ్మ తల్లి. గోత్రం ఎరుగడు, తీర్థంకరుణ్ణి ఎరుగడు, దండం పెట్టుకుంటాడు.

ఆ మూడు కందాల్లో నాకు ఇష్టం మూడోది. క్కకారం ప్రాసగా గులకరాళ్లు దొర్లినట్టు సాగుతుంది. లోకంలో మనిషికో గుణం ఉంటుందిగానీ జినవల్లభుడికైతే లెక్కకు అందనన్ని ఉన్నాయని దాని సారం. స్తుతి పద్యమే, ముఖస్తుతే. అయినా మనిషికి ఒక్కో గుణమే దక్కుతుందన్న మొదటి సగం నిక్కమైన పరిశీలన. రెండో సగాన్ని దాతకు వదిలేద్దాం. అదే శాసనంలో జినవల్లభుడు త్రిభువనతిలక బసదిని కట్టించి, కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించి, మదనవిలాసమనే తోట వేయించినట్టు ఉంది. కవితాగుణార్ణవుడనేది అన్న పంపడి బిరుదు. మన్మథుడి పేరుతో తోట వేసిన జైన భక్తుణ్ణి చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

గుట్ట పరిసరాల్లో గ్రానైటు క్వారీలతో శాసనానికి ముప్పని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. కరీంనగర్ రాయికి బయట దేశాల్లో గిరాకీ. ఆ ఆరు బతుకుతెరువుల్లో వాణిజ్యం కూడా ఒకటి కదా, వృషభుడు నేర్పిందే.

పంపడికి ఈ పక్కనే ఉన్న ధర్మవురాన్ని అరికేసరి అగ్రహారంగా ఇచ్చాడని తమ్ముడి శాసనం సాక్ష్యం చెప్తుంది. ఇచ్చింది మాత్రం మనుషులంతా ఒక్కటేనన్న ఆదిపురాణానికి కాదు, రాజును అర్జునుణ్ణి చేసిన విక్రమార్జున విజయానికి.