ఇసుకబడి మొదలు కృత్రిమ మేధ వరకు

హౌరా నుండి మొదటి పొగబండి 1854 ఆగస్టు 15వ తేదీన హుగ్లీకి బయలుదేరినది. అంతకు 38 సంవత్సరములకు ముందే, 1816లో, ఆంగ్లకవి కోలరిడ్జి ఒక బోధనాపద్ధతిని గొప్ప ఆవిరియంత్రముగా కొనియాడెను. ఆ పద్ధతి రూపుదాల్చినది మన చెన్నపట్నమున.

ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమమునకు 1789లో పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచెను. తన ఉపాధ్యాయులు ఆ రీతికి ఒడబడకపోగా, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునిచేత చిన్నవారికి దిద్దించెను. మన వీధిబడులకిది క్రొత్తగాదు. 1797లో బెల్ దీనిని గ్రంథస్థము చేసిన పిమ్మట ఇంగ్లండులో అది వ్యాపించెను. కాని అచ్చట ఒక్క గురువు క్రింద వందలకొలది పిల్లలచేత వల్లెవేయించు యంత్రమైపోయెను. చవుకగా చెప్పించుటయే ముఖ్యమైనచో బాలుడేమి గ్రహించెనని అడుగువాడెవడు?

ఆ పద్ధతియే ఈ హుగ్లీ తీరమునకు వచ్చెను. హౌరాకు ఎగువనున్న చిన్సురాలో రాబర్ట్ మే 1814లో పాఠశాల తెరచెను. శ్రీరాంపూరు మిషనరీలు 1816లో దేశీయ పాఠశాలలకొక ప్రణాళికను ప్రకటించిరి. (కేరీ తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయినదియు అచ్చటనే.) పెద్దపిల్లవాడు భూగోళ ఖగోళ విషయములను చదువుచుండగా తక్కినవారు వ్రాయవలెను, వ్రాతయు, విషయజ్ఞానమును ఒక్కసారిగా అబ్బవలెనని వారి యూహ. ఇది నాకు మెచ్చదగినదిగా తోచుచున్నది. వారు పరికరమునకు ముందు ప్రయోజనమును తలచిరి.

నేడు కృత్రిమ మేధ విషయమున ఆ ప్రశ్నయే మరల వచ్చినది. అది క్షణములో పాఠము వ్రాయును, ప్రశ్నలు కూర్చును. అట్టి యంత్రములను గూర్చిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన రాజ్ రెడ్డిగారు ఆనాటి చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిరి. యంత్రమునకు మనుష్యుల మాట వినుట నేర్పుటకై ఏండ్ల తరబడి శ్రమించిరి.

ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు పలుకు మన పిల్లలు తెలుగు ఒత్తులు చూచి తడబడుదురు. వారికి తెలుగు నేర్పదలచిన పెద్దలు, ఆరు నెలలకు బిడ్డ తాతగారి ఉత్తరమును తానే చదువవలెనా, పద్యము అప్పజెప్పవలెనా యని ముందు నిర్ణయించుకొనవలెను. ఉత్తరమన్నచో, ఒత్తులు గల ఇరువది చిన్న వాక్యములు కూర్చుమని యంత్రము నడుగవచ్చును. వానిలోని ఇంగ్లీషు పోకడలను, ఎవరును ఎన్నడును అనని సామెతలను ఏరివేయుట, బిడ్డ ఏ యక్షరము వద్ద ఆగెనో ప్రక్కన కూర్చుండి చూచుట పెద్దల పని. మొదటి నెల నేనైనచో యంత్రమును పెద్దల చేతికే ఇత్తును, పిల్లలకు ఇసుకపళ్లెమిత్తును.