క్రంచ్‌బ్యాంగ్ ఆగిపోయినా బన్సెన్‌ల్యాబ్స్ నడుస్తోంది: పాత కంప్యూటర్‌కు పనికొచ్చే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్

బన్సెన్‌ల్యాబ్స్ అనేది పాత కంప్యూటర్లలో కూడా తేలిగ్గా నడిచే ఉచిత డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్. దీనికి పునాది డెబియన్ లినక్స్. అంతకుముందు క్రంచ్‌బ్యాంగ్ అనే సిస్టమ్ ఉండేది. దాన్ని తయారుచేసిన వ్యక్తి 2015లో చేతులెత్తేస్తే, వాడుతున్నవాళ్లే కలిసి కొత్త పేరుతో పని ముందుకు తీసుకెళ్లారు. ఆ కొత్త పేరే బన్సెన్‌ల్యాబ్స్.

ఇప్పుడు దీని గురించి ఎందుకు తెలుసుకోవాలంటే, 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు ఇచ్చిన గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11కి వెళ్లాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0, కంపెనీ ఒప్పుకున్న ప్రాసెసర్ ఉండాలి. నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ పెట్టుకుని జిరాక్స్ సెంటర్, డీటీపీ షాపు నడిపేవాళ్ల ముందు రెండే దారులు కనిపిస్తాయి: కొత్తది కొనడం, లేదా అప్‌డేట్లు లేని సిస్టమ్‌తోనే నెట్టుకురావడం. బన్సెన్‌ల్యాబ్స్ లాంటివి మూడో దారి.

ఎలా మొదలైంది

క్రంచ్‌బ్యాంగ్‌ను బ్రిటన్‌కు చెందిన ఫిలిప్ న్యూబరో 2008లో తెచ్చారు. మొదట్లో ఉబుంటు మీద, తర్వాత నేరుగా డెబియన్ మీద తయారైంది. చివరి స్థిర వెర్షన్ వాల్డార్ఫ్ 2013లో వచ్చింది. 2015 ఫిబ్రవరిలో ఆయన పని ఆపేస్తున్నట్టు చెప్పారు. తాను మొదలుపెట్టినప్పుడు ఇలాంటి తేలికైన సిస్టమ్‌లు తక్కువని, ఇప్పుడు చాలా వచ్చాయని, వాడేవాళ్లకు నేరుగా డెబియనే మేలని ఆయన భావించారు.

వాడేవాళ్లు మాత్రం వదల్లేదు. కొందరు క్రంచ్‌బ్యాంగ్ ప్లస్ ప్లస్ పేరుతో ఒక దారి పట్టారు. మరికొందరు బన్సెన్‌ల్యాబ్స్ మొదలుపెట్టి 2016లో మొదటి స్థిర వెర్షన్ హైడ్రోజన్‌ను విడుదల చేశారు. వెర్షన్లకు మూలకాల పేర్లు పెడతారు. 2018లో హీలియం, 2020లో లిథియం, 2023లో బెరీలియం, 2024లో బోరాన్ వచ్చాయి. బోరాన్ డెబియన్ 12 మీద నడుస్తుంది.

యజమాని వెళ్లిపోతే ఏమవుతుంది

బోధన్ ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీలో 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించారు. చెరకు ఉంది, పని తెలిసిన కార్మికులు ఉన్నారు, కానీ గేటు తాళం వాళ్ల చేతిలో లేదు.

అదే ఏడాది ఆగిన క్రంచ్‌బ్యాంగ్‌కు అలాంటి తాళం లేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ జీపీఎల్ వంటి లైసెన్సులతో వస్తుంది. సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చినదాన్ని పంచితే దాని కోడ్ కూడా ఇవ్వాలన్నదే జీపీఎల్ షరతు. ఇలా పాత కోడ్ తీసుకుని వేరే దారిలో నడపడాన్ని ఫోర్క్ అంటారు.

అయితే హక్కు ఉంటే చాలదు, చేసే మనుషులు కూడా ఉండాలి. నార్వేకు చెందిన కర్ట్ స్కౌవెన్ రాసిన ఏథియోస్ ఆగిపోతే, 2002లో కొందరు దాని నుంచి సిలబుల్ అనే సిస్టమ్‌ను తీశారు. అది లినక్స్ కాదు, పూర్తిగా వేరే సిస్టమ్. డ్రైవర్ల నుంచి బ్రౌజర్ దాకా అన్నీ కొద్దిమందే చూసుకోవాల్సి వచ్చింది. 2012 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. బన్సెన్‌ల్యాబ్స్‌కు ఆ బరువు లేదు. కెర్నల్, సెక్యూరిటీ అప్‌డేట్లు, వేలాది ప్రోగ్రాములు డెబియన్ నుంచే వస్తాయి. వీళ్లు చూసుకునేది ప్రధానంగా పైన కనిపించే డెస్క్‌టాప్, సెట్టింగులు.

ఎందుకు తేలిక

విండోస్‌లో ఉన్నట్టు పెద్ద డెస్క్‌టాప్ హంగామా ఇందులో ఉండదు. కిటికీలను ఓపెన్‌బాక్స్ అనే చిన్న ప్రోగ్రాం చూసుకుంటుంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేస్తే మెనూ వస్తుంది. టింట్2 అనే పట్టీలో తెరిచిన ప్రోగ్రాములు కనబడతాయి, కాంకీ మెమరీ వాడకం చూపిస్తుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్‌లో కూడా డెస్క్‌టాప్ చురుగ్గానే ఉంటుంది. కానీ బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఏ సిస్టమ్ అయినా మొరాయిస్తుంది. 4 జీబీ ఉంటే మంచిది, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ పెడితే తేడా ఇంకా తెలుస్తుంది.

ప్రాసెసర్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది ముందే చూసుకోవాలి. డెబియన్ 13 నుంచి 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ లేదు. కోర్ 2 డుయో, ఆ తర్వాతి డెస్క్‌టాప్‌లు 64 బిట్‌వే కాబట్టి ఇబ్బంది ఉండదు.

తెలుగు, ఉర్దూ పని

యూనికోడ్‌లో రెండు భాషలూ బాగానే నడుస్తాయి. డెబియన్‌లో లోహిత్ తెలుగు, పోతన 2000 ఫాంట్లు, ఉర్దూకు నోటో నస్తలీఖ్ దొరుకుతాయి. టైపింగ్‌కు ఐబస్, లెటర్లు, లెక్కలకు లిబ్రెఆఫీస్ పెట్టుకోవచ్చు. పూర్తి తెలుగు లినక్స్ కోసం హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కూడా పనిచేసింది.

చిక్కు పాత ఫైళ్లతోనే. పెళ్లి రుక్కాలు, శుభలేఖలు చేసే షాపుల్లో ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను ఫాంట్లు వాడతారు. రెండూ విండోస్ మీద ఆధారపడ్డవే. ఇన్‌పేజ్ ఫైల్ లిబ్రెఆఫీస్‌లో నేరుగా తెరుచుకోదు. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ ఆ ఫాంట్లు లేకపోతే పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది. విండోస్ ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోవాలి.

ట్యాలీ ప్రైమ్ కూడా విండోస్ కోసం చేసిందే. ఆధార్ ఫింగర్‌ప్రింట్ పరికరాల సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌కే ఉంటుంది. ప్రింటర్లలో చాలా హెచ్‌పీ మోడళ్లు సులువుగా నడుస్తాయి. షాపుల్లో బాగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900కు మాత్రం ప్రత్యేక క్యాప్ట్ డ్రైవర్ కావాలి, దాన్ని ఎక్కించడం కొత్తవాళ్లకు కష్టం.

మార్చే ముందు

• అన్ని ఫైళ్లనూ బయటి డిస్క్‌లోకి కాపీ చేయాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పొరపాటు జరిగితే హార్డ్ డిస్క్ మొత్తం ఖాళీ అవుతుంది.
• బన్సెన్‌ల్యాబ్స్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడాలి. వైఫై, సౌండ్, ప్రింటర్ అప్పుడే పరీక్షించాలి.
• బిల్లింగ్ ట్యాలీలో, డిజైన్ ఇన్‌పేజ్‌లో ఉంటే ఒక మెషిన్‌లో విండోస్ ఉంచి, మిగతావి మార్చడం మేలు.
• పిల్లల చదువు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఉత్తరాల టైపింగ్ వరకే అయితే పాత కంప్యూటర్‌ను తూకానికి అమ్మే ముందు ఒకసారి దీన్ని ప్రయత్నించవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు రూపాయి కూడా కట్టనక్కర్లేదు.