ఖొండలైట్: పేరు, పుట్టుక

ఖొండలైట్ తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే రూపాంతర శిల. దువ్వాడతో సహా విశాఖపట్నం చుట్టుపక్కల కొండల్లో ఎక్కువ భాగం ఈ రాయే.

ఈ పేరు పెట్టినవాడు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన కెనడా శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్. కలహండి సంస్థానం భూనిర్మాణంపై 1902లో వెలువడిన తన రచనలో, ఆ కొండల్లో నివసించే ఖోండుల పేరుకు శిలానామాల్లో వాడే ‘ఐట్’ ప్రత్యయాన్ని చేర్చాడు. అరకు, పాడేరు ప్రాంతాల్లో కోదులుగా పిలిచేది ఈ తెగవారినే. తూర్పు కనుమల్లో దొరికే మరో రాయి చార్నోకైట్. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధికి వాడిన రాయి ఆ రకానిదే కావడంతో భూవిజ్ఞాని టి.హెచ్. హాలండ్ దానికి ఆయన పేరు పెట్టాడు.

కొత్తగా పగలగొట్టిన ఖొండలైట్ ముక్కలో మూడు ఖనిజాలను కంటితోనే పోల్చుకోవచ్చు. ముదురు ఎరుపు గింజలు గార్నెట్. దానిమ్మకున్న లాటిన్ పేరే దీనికి మూలం. తెల్లని సన్నని సూదుల్లాంటివి సిల్లిమనైట్. అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ సిల్లిమన్ పేరిట 1824లో దీన్ని ఇలా పిలిచారు. వేలికి నల్లగా అంటుకునే మెరుపు రేకులు గ్రాఫైట్. రాయడానికి పనికొచ్చేది అన్న అర్థంలో గ్రీకు మాట ఆధారంగా 1789లో శాస్త్రవేత్త వెర్నర్ ఈ పేరు పెట్టాడు. వీటితోపాటు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి.

ఈ రాయి మొదట నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. భూమి లోతుల్లోకి కూరుకుపోయి, సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితం తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనైంది. మట్టిలోని అల్యూమినా సిల్లిమనైట్‌గానూ, అందులో కలిసిన సేంద్రియ కర్బనం గ్రాఫైట్‌గానూ మారాయి.

పైకి తేలిన తరువాత ఎండావానలకు ఖొండలైట్ త్వరగా శిథిలమవుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టడం వల్లనే విశాఖ కొండచరియలకు ఆ ఎర్రదనం. ఫెల్డ్‌స్పార్ తెల్లని కేయోలిన్‌గా మారుతుంది. అనంతగిరి, గాలికొండ వంటి ఎత్తైన చోట్ల వాననీరు సిలికాను కడిగివేయగా మిగిలిన అల్యూమినియం సమ్మేళనాలే బాక్సైట్. ఫ్రాన్సులోని లే బో గ్రామం దగ్గర 1821లో శాస్త్రవేత్త బెర్తియే గుర్తించడంతో ఆ ఖనిజానికి ఆ ఊరి పేరు వచ్చింది. కోతకు గురైన గార్నెట్, సిల్లిమనైట్ రేణువులు వాగుల వెంట సాగి భీమునిపట్నం తీరపు ఇసుకలో చేరాయి.

నేడు ఖొండలైట్ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి, పైన చెప్పిన ఖనిజాలున్న రాయి. రెండు, ఆ రాయితో కలిసి దొరికే క్వార్ట్‌జైట్, కాల్క్-సిలికేట్ శిలలను కూడా కలుపుకున్న శిలాసముదాయం. రెండో అర్థంలోనే కేరళలోనూ ఉత్తర చైనాలోనూ ‘ఖొండలైట్ పట్టీ’లను గుర్తించారు. తూర్పు కనుమల గిరిజన తెగ పేరు ఆ విధంగా ప్రపంచ భూవిజ్ఞాన పదజాలంలో స్థిరపడింది.