వృక్షముల యాదృచ్ఛిక ఛేదనము

గణితశాస్త్రమున వృక్షమనగా, ఏ శీర్షమునుండి ఏ శీర్షమునకు పోవలెనన్నను ఒకే ఒక్క దారి గల గ్రాఫు. అందొక శీర్షమును మూలముగా నెంచుకొని, అంచులన్నింటికిని సమానావకాశమిచ్చి చీటి తీసినట్లు ఒకదానిని తీసి తెగగొట్టి, మూలముతో సంబంధము కోల్పోయిన ఖండమును ప్రక్కకు పెట్టి, మిగిలినదానిపై ఇదే పనిని మరల మరల చేయుచు పోయినచో, మూలము ఒంటరిగా నిలుచుటకు ఎన్ని వేట్లు పట్టుననునదే యాదృచ్ఛిక ఛేదన సిద్ధాంతమునకు ఆదిప్రశ్న. మూలమునకే తక్కిన శీర్షములన్నియు నేరుగా అంటియున్న నక్షత్రాకార వృక్షమున ఒక్క అంచునైనను కొట్టక విడుచుటకు వీలులేదు; 10,000 శీర్షములున్నచో 9,999 వేట్లు పడవలసినదే. అన్ని శీర్షములే ఒక్క త్రాటివలె వరుసగా నుండి మూలము కొసనున్నచో, సగటున పది వేట్లైనను పట్టవు. సామాన్య వృక్షము ఈ రెండింటి నడుమ ఎచ్చట నుండునో తేల్చుటకు సంభావ్యతా శాస్త్రము అవసరమయ్యెను.

సామాన్య వృక్షమను మాటకు నిశ్చితార్థము అంతకు మునుపే ఏర్పడియుండెను. పేర్లు పెట్టిన న శీర్షములపై కట్టదగిన వృక్షముల సంఖ్య, న యొక్క (న − 2)వ ఘాతమునకు సమానమను సూత్రమును ఆంగ్ల గణితజ్ఞుడు ఆర్థర్ కేలీ 1889లో ప్రకటించెను. వానిలో ఒకదానిని సమానావకాశముతో ఎన్నుకొన్నచో దానిని కేలీ వృక్షమని వ్యవహరింతురు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమునకు చెందిన అమ్రామ్ మెయిర్, జాన్ మూన్ అను పండితులిరువురు 1970లో ఈ వృక్షమును ఛేదించుటను గూర్చి వ్యాసము ప్రకటించి, శీర్షసంఖ్యను వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిచే గుణించి, సగము చేసి, వర్గమూలము తీసినచో వేట్ల సగటు సుమారుగా లభించునని నిరూపించిరి. 10,000 శీర్షములకు ఇది 125 వేట్లు మాత్రమే. వారి గణనమునకు ఆధారమైన ధర్మమొకటి కలదు: ఒక వేటు పడిన పిమ్మట మూలముతో మిగిలిన ఖండము, దాని పరిమాణము తెలిసినచో, మరల కేలీ వృక్షమే యగును, కావున ప్రతి వేటును మొదటి వేటువలెనే లెక్కింప వీలయ్యెను.

ఆ యేడే ఆ యిరువురే మరియొక వ్యాసమున, కేలీ వృక్షమున యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న రెండు శీర్షముల నడిమి దూరపు సగటును గణించిరి. పెద్ద వృక్షములకు అదియు సరిగా ఆ వర్గమూలమే. నరకుటకు పట్టు వేట్లకును, నడచుటకు పట్టు అడుగులకును ఒకే సంఖ్య ఏల రావలెను? ఈ ప్రశ్నకు సంపూర్ణ సమాధానము లభించుటకు నలువదియేండ్లకు పైగా పట్టినది.

సమాధానమునకు దారి చూపినవారిలో స్వీడను దేశపు ఉప్సాలా నగరమునందలి స్వాంటె యాన్సన్ ముఖ్యుడు. అంచులకు బదులు శీర్షములనే, మూలముతో సహా, చీటి తీసి కొట్టుదుమని తలంతుము; పెద్ద వృక్షములలో ఈ మార్పువలన భేదము అత్యల్పము. ప్రతి శీర్షమునకును ముందుగానే ఒక యాదృచ్ఛిక ముహూర్తమును వ్రాసిపెట్టినచో, మూలమునుండి తనవరకు గల దారిలో అన్నింటికంటె ముందు ముహూర్తము తనదైనప్పుడే ఆ శీర్షముపై వేటు పడును. లేనిచో అది పైదానితో కూడ మునుపే తెగిపోయియుండును. అనగా వేట్లను లెక్కించుట ఆటలలో క్రొత్త రికార్డులను లెక్కించుట వంటిదే, మూలమునుండి నాలుగవదగు శీర్షముపై వేటు పడు సంభావ్యత నాల్గింట ఒకటి. ఈ దృష్టితో యాన్సన్ 2006లో, ప్రతి శీర్షపు సంతానసంఖ్యయు విడివిడిగా ఒకే నియమముచే యాదృచ్ఛికముగా నిర్ణయమై, ఆ సంఖ్యకు సగటు ఒకటిగాను విస్తృతి పరిమితముగాను నున్న గాల్టన్–వాట్సన్ వృక్షములన్నింటను, వాని పరిమాణమును నియతము చేసినపుడు, వేట్ల సంఖ్య తగిన కొలమానమున ‘రాలే విభాజనము’ను పొందునని నిరూపించెను. ఈ విభాజనమును రాలే ప్రభువు 1880లో, ఒకే స్థాయి గల అనేక ధ్వనికంపనములు క్రమములేక కలిసినప్పుడు ఏర్పడు తీవ్రతను విచారించుచు కనుగొనెను. వియన్నాకు చెందిన పాన్‌హోల్జర్ కొన్ని వృక్షజాతులకు ఇట్టి ఫలితమునే వేరు మార్గమున సాధించెను.

శీర్షములనే కొట్టు ఈ పద్ధతిలో మూడు శీర్షముల వృక్షమును చేతితోనే లెక్కించి చూతము. అది ఎట్లు కట్టినను మూడు పూసల దండయే. మూలము నడుమ పడినచో వేట్ల సగటు 1 + 1/2 + 1/2, అనగా 2. కొసన పడినచో 1 + 1/2 + 1/3, అనగా 11/6. నడుమ పడుట మూడింట ఒకసారి, కొసన పడుట మూడింట రెండుసార్లు; కావున మొత్తము సగటు 17/9. ఇక దూరము. అదే దండనుండి రెండు పూసలను, ఒకదానినే రెండుసార్లు ఎన్నుకొనుటకును వీలిచ్చి, తొమ్మిది విధములుగా ఎన్నుకొనవచ్చును: మూడింట దారిలో ఒకే పూస, నాల్గింట రెండు, రెండింట మూడు. మొత్తము 17 పూసలు, సగటు 17/9. ఇది ఉజ్జాయింపు కాదు, ఖచ్చితమైన సమానత; చిన్న వృక్షమునను పెద్ద వృక్షమునను ఇట్లే నిలుచును.

దీని మర్మమును ఆడారియో-బెర్రీ, బ్రూటన్, హోల్మ్‌గ్రెన్ అను మువ్వురు 2014లో ప్రకటించిన వ్యాసమున వెల్లడించిరి. తెగిన ఖండములను పారవేయక, ప్రతి ఖండమున వేటు తగిలిన శీర్షమును పట్టుకొని, వేట్లు పడిన క్రమముననే ఆ శీర్షములను ఒకదాని వెనుక నొకటి అంచులతో కలుపుకొని పోయినచో క్రొత్త వృక్షమొకటి లేచును. అదియు కేలీ వృక్షమే. మొదటి వేటు తగిలిన శీర్షమును, తుదివేటు తగిలిన మూలమును అందు యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న రెండు శీర్షములవలెనే ఉండును. వేట్ల వరుసయే దారి యైనప్పుడు, వేట్ల సంఖ్యయు దారి పొడవును ఒకటి గాక మరేమగును? ఈ సిద్ధాంతమున ఇంతకు మించిన రమణీయమగు నిరూపణము మరియొకటి లేదని చెప్పవచ్చును.

అన్ని వృక్షములును ఇంత సౌమ్యములు కావు. శీర్షములు ఒక్కొక్కటిగా వచ్చి, మునుపున్నవానిలో దేనినో ఒకదానిని సమానావకాశముతో ఆశ్రయించుచు పెరుగు వృక్షమును మెయిర్, మూన్‌లే 1974లో పరిశీలించి, వేట్ల సగటు శీర్షసంఖ్యను దాని సహజ సంవర్గమానముచే భాగించిన లబ్ధమునకు సమీపించునని చూపిరి. కేలీ వృక్షమున శీర్షములు మూలమునకు శీర్షసంఖ్య వర్గమూలమంత దూరమున నుండగా, ఇచ్చట సంవర్గమానమంత దగ్గరగా నుండుటయే ఈ భేదమునకు కారణము. ద్ర్మోటా, ఇక్సనోవ్, మోలె, రోస్లర్ 2009లో దీని అవధి విభాజనమును కనుగొనిరి. అది పరిమితమగు సగటు లేని విభాజనము. అంతకు నాలుగేండ్ల ముందే గోల్డ్‌ష్మిట్, మార్టిన్‌లు, ఈ ఛేదనమే క్రమరహిత అయస్కాంత పదార్థముల సిద్ధాంతమునుండి పుట్టిన బోల్ట్‌హౌసెన్–స్నిట్‌మన్ సమ్మేళన ప్రక్రియకు మూలరూపమని చూపియుండిరి.

అనంత పరిమాణమునకు పోవు దారిని డేవిడ్ ఆల్డస్ 1991 మొదలు తెరచెను. కేలీ వృక్షపు అంచులను శీర్షసంఖ్య వర్గమూలముచే కుదించుచు పోయినచో అవిచ్ఛిన్న యాదృచ్ఛిక వృక్షమను అవధి లభించును. దాని కొమ్మలపై వర్షపు చినుకులవలె వేట్లు పడనిచ్చి, కాలమును వెనుకకు త్రిప్పి చూచినచో, ఖండములు తమ ద్రవ్యరాశుల మొత్తమునకు అనుపాతమగు వేగముతో కలిసిపోవు ప్రక్రియ కనిపించునని ఆల్డస్, పిట్‌మన్‌లు 1998లో నిరూపించిరి. ఛేదనపు వంశక్రమమునే ఒక వృక్షముగా వ్రాసినచో, ఆ ‘ఛేదవృక్షము’ కూడ అవధియందు అవిచ్ఛిన్న వృక్షమే యగునని బెర్తువా, మియెర్మాఁలు 2013లో చూపిరి.

బెర్తువా 2012లోనే ఈ ప్రక్రియకు నిప్పును జోడించెను. కేలీ వృక్షమున ప్రతి అంచును ఏకమాన వేగముతో దహనరహితమగుచుండగా, అంతకంటె స్వల్పవేగముతో అగ్ని అచ్చటచ్చట పుట్టి, దహనరహితమైన అంచులు అడ్డువచ్చువరకు వ్యాపించును. అగ్ని పుట్టు వేగము, శీర్షసంఖ్య వర్గమూలముచే ఒకటిని భాగించినంత కంటె ఘాతక్రమమున తక్కువైనచో దాదాపు వృక్షమంతయు నిలుచును. ఎక్కువైనచో దాదాపు అంతయు దగ్ధమగును. సరిగా అంతయే యైనచో ఎంత మిగులుననునది పెద్ద వృక్షమునను యాదృచ్ఛికముగానే యుండును.