తడిగుడ్డ చెప్పిన రోగము
విశాఖపట్నమున కాల్టెక్స్ నూనెశుద్ధి కర్మాగారము 1957లో పని ప్రారంభించినది. అంబాసిడరు కారు తయారీయు ఆ యేటనే మొదలై 2014 వరకు సాగినది. పాత పెట్రోలు అంబాసిడర్లకు ఒక జాడ్యముండెడిది: చల్లగానున్నపుడు చక్కగా నడచి, వేడెక్కిన పిమ్మట ఉండి ఉండి శక్తి కోల్పోవుట.

1976లో ఏర్పడిన ఫిషింగ్ హార్బరు వాకిట, చేపల లారీల వెనుక నత్తనడక నడచునపుడు రేడియేటరుకు గాలి చాలదు. ఇంజను ప్రక్కనేయున్న పెట్రోలు పంపు కాగును. పెట్రోలులోని తేలిక భాగములు సుమారు 40 డిగ్రీలకే మరగును గనుక పంపు ద్రవమునకు మారు ఆవిరిని పీల్చును.

డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ చుట్టెడివారు. దీనిని మోటుపని యనరాదు. నీరు ఆవిరియగుచు పంపు వేడిని గైకొనును. బండి వెంటనే కోలుకొన్నచో దోషము పెట్రోలుదని తేలును. (సముద్రపు తేమగాలిలో గుడ్డ త్వరగా ఆరదు, చల్లదనమును తక్కువే, మరల మరల చన్నీరు పోయవలెను.) కోలుకొననిచో స్పార్కును చూడవలెను, అదియు ఇంజను చల్లారకముందే. ఇగ్నిషన్ కాయిలులో విరిగిన తీగ వేడికి ఎడమై, చల్లారిన మరల తాకును. వర్క్‌షాపు చేరునప్పటికి రోగము మాయము!

తరువాతి కార్లలో పంపును టాంకులోని పెట్రోలులోనే ముంచి, గొట్టములో పీడనము పెంచిరి. పీడనముతో మరగుస్థానము పెరిగి, తడిగుడ్డకు పని తప్పెను.