గుమాస్తాలూ – ఇంగ్లీషు వ్యాకరణమూ : కొంత చరిత్ర, కొంత స్వానుభవం



ప్రత్యేక సంచికకి ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదక వర్గంవారు కోరారు. రాజుల చరిత్ర రాసేంత చదువు నాకు లేదు. ముప్పై ఆరేళ్ళు కలం, కాగితం, టైపు మిషనుతో గడిపినవాణ్ణి గనుక మన వృత్తికి సంబంధించిన చరిత్రే కొంత మనవి చేస్తాను. చిన్నప్పుడు బడిలో కాక, పెద్దయ్యాక, ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషు సరిగా రాయడం నేర్చుకున్నవాళ్ళ చరిత్ర ఇది. ఇందులో నా సొంత తప్పు ఒకటి ఉంది. ముందు అది చెప్పుకుంటాను.

నేను హైస్కూలు దాకా తెలుగు మీడియం. పి.యు.సి. తరువాత 1972లో ఎల్.డి.సి.గా చేరాను. తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. అయినా మా సెక్షను నుంచి పై ఆఫీసులకు వెళ్ళే ఉత్తరాలు ఇంకా ఇంగ్లీషులోనే నడిచేవి. పాత ఫైలు ముందు పెట్టుకుని, పేరూ తేదీ మార్చి డ్రాఫ్టు పెట్టడమే నాకు వచ్చిన ఇంగ్లీషు.

1974లో మా ఆఫీసు అటెండరు ఒకాయన సర్వీసులో ఉండగానే చనిపోయాడు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. కుటుంబ పెన్షను ప్రతిపాదన నేనే తయారుచేసి పంపాను. పై ఆఫీసు నుంచి కొర్రీ వచ్చింది. 'వితంతువు మళ్ళీ వివాహం చేసుకోలేదా?' అని ఇంగ్లీషులో అడిగారు. నేను 'యెస్' అని ఒక్క మాట రాసి పంపాను.

మన భాషలో 'చేసుకోలేదు కదా?' అంటే 'అవును' అంటాం. అంటే మీరన్నది నిజమే, చేసుకోలేదు అని. ఇంగ్లీషులో అలా కాదు. ప్రశ్న ఏ రూపంలో ఉన్నా, జరిగితే యెస్, జరగకపోతే నో. నేను రాసిన యెస్‌కి వారు తీసుకున్న అర్థం 'చేసుకున్నది' అని. పునర్వివాహం చేసుకున్నట్లు మీరే తెలిపినందున ప్రతిపాదన తిప్పి పంపడమైనది అని జవాబు వచ్చింది. మళ్ళీ ధ్రువపత్రాలు తెప్పించి, మళ్ళీ పంపి, మంజూరు అయ్యేసరికి అయిదు నెలలు అదనంగా పట్టింది. ఆ మధ్యలో ఆవిడ ఒకరోజు ఆఫీసుకు వచ్చి, 'నేను మారు మనువు చేసుకున్నానని ఎవరు రాశారు బాబూ?' అని నన్నే అడిగింది. నేను ఫైలు వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

ఆ సాయంత్రం సూపరింటెండెంటుగారు నన్ను పిలిచి, 'కొర్రీకి ఒక్క మాటతో జవాబు రాయకు. పూర్తి వాక్యం రాయి. వాక్యం రాస్తే తప్పు నీకే కనబడుతుందయ్యా' అన్నారు. మరునాటినుంచి నేను మళ్ళీ విద్యార్థినయ్యాను.

మొదట స్పెల్లింగు సంగతి. తెలుగులో పలికినట్టు రాస్తాం. ఇంగ్లీషు అలా ఎందుకు లేదో తెలిశాక నాకు భయం సగం పోయింది. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చులో అక్షరాలు స్థిరపడుతున్న ఆ రోజుల్లోనే జనం ఉచ్చారణ మారిపోతూ వచ్చింది. రాత పాతది, పలుకు కొత్తది అయ్యాయి. పైగా పండితులు లాటిన్ మూలం కనబడాలని లేని అక్షరాలు చేర్చారు. మనం రోజూ రాసిన 'డెట్'లో 'బి', 'రిసీట్'లో 'పి' అలా వచ్చి కూర్చున్నవే. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చాక ఈ రాతలు చాలావరకు ఖాయమయ్యాయి. కనుక స్పెల్లింగు తప్పు రాయడం తెలివితక్కువతనం కాదు. ఆ మాటలను కంటితో గుర్తుపెట్టుకోవాలి, అంతే.

ఇక వ్యాకరణం. ఇంగ్లీషువాళ్ళందరికీ అది పుట్టుకతో వస్తుందని నేను అనుకునేవాణ్ణి. విలియం కాబెట్ కథ చదివాక ఆ భ్రమ పోయింది. 1763లో రైతు కుటుంబంలో పుట్టాడు. లండనులో ఒక న్యాయవాది దగ్గర నకళ్ళు రాసే గుమాస్తాగా కొన్నాళ్ళు చేసి, విసిగి సైన్యంలో చేరాడు. అక్కడా రాతపని పడింది. వ్యాకరణం రాకపోతే లాభం లేదని బిషప్ లౌత్ వ్యాకరణ పుస్తకాన్ని చేత్తో నకలు రాసి, కంఠస్థం చేశాడు. కూర్చోవడానికి పడక అంచు, పుస్తకాలు పెట్టుకోవడానికి సైనికుడి సంచి, రోజుకు ఆరు పెన్నీల జీతం. కాగితం, కలం కొనాలంటే ఒక పూట తిండి తగ్గించుకోవలసి వచ్చేది. అలా నేర్చుకున్న మనిషి 1818లో తానే ఒక వ్యాకరణం రాశాడు. సైనికులు, నావికులు, పని నేర్చుకునే కుర్రాళ్ళు, నాగలి పట్టేవాళ్ళ కోసమని పుస్తకం పేరులోనే చెప్పాడు. తరువాతి ముద్రణలో రాజకీయ పెద్దలు తప్పులు రాయకుండా ఆరు పాఠాలు కూడా చేర్చాడు. 1832లో పార్లమెంటు సభ్యుడయ్యాడు.

మన ప్రాంతంలో ఇదే పని తిరగబడి జరిగింది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, ఉద్యోగం కోసం తెలుగు మొదలుపెట్టాడు. 1820లో కడపకు వచ్చాడు. పండితులను చేరదీసి, పట్టు వదలకుండా కూర్చుని, 1852 నాటికి మనకు నిఘంటువు తయారుచేసి పెట్టాడు. ఆఫీసు పని కోసం పరాయి భాష మొదలుపెట్టి అక్కడిదాకా వెళ్ళినవాడు ఆయన.

మూడో మనిషి అచ్చంగా మన శాఖవాడు. సర్ ఎర్నెస్ట్ గవర్స్ బ్రిటిష్ ప్రభుత్వోద్యోగి. ఆఫీసు ఉత్తరాలు జనానికి అర్థం కావడం లేదని అక్కడి ఖజానా శాఖ ఆయనను ఒక చిన్న పుస్తకం రాయమని కోరింది. 1948లో 'ప్లెయిన్ వర్డ్స్' వచ్చింది. 1954లో దాన్ని మరొకదానితో కలిపి 'ది కంప్లీట్ ప్లెయిన్ వర్డ్స్'గా తెచ్చారు. ఆయన బోధ ఇంతే: ఉత్తరం అందుకునే మనిషిని మనసులో పెట్టుకో, చిన్న మాట చాలినచోట పెద్ద మాట వాడకు, అనవసరమైనది తీసెయ్యి. 1880లో పుట్టిన ఆయన 1965లో, ఎనభై అయిదేళ్ళ వయసులో, ఫౌలర్ ఆంగ్ల వాడుక గ్రంథాన్ని సవరించి వెలువరించారు. మన సభ్యులు ఈ సంగతి గమనించగోరుతాను.

నా గురువు మాత్రం రెన్ అండ్ మార్టిన్. 1930లలో వచ్చిన ఆ వ్యాకరణం రాసిన ఇద్దరిలో పి.సి. రెన్, 'బో జెస్ట్' అనే నవల రాసినాయనే. తరువాత సవరించినది ఎన్.డి.వి. ప్రసాదరావుగారు. విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులో అట్ట ఊడిన ప్రతి కొన్నాను. కాబెట్ పద్ధతే పట్టాను. రోజుకు ఒక పేరా నకలు రాయడం. పుస్తకం మూసి అదే పేరా జ్ఞాపకంగా రాయడం. రెండూ పోల్చి ఎర్ర పెన్సిలుతో దిద్దుకోవడం. నేను పదే పదే తప్పిన మాటలకు ఒక చేతి పుస్తకం పెట్టుకున్నాను. 'అకామొడేషన్'లో రెండు సి.లు, రెండు ఎమ్.లు అన్నది అందులో మొదటి పద్దు. 'డిస్కస్ అబౌట్' అనకూడదన్నది రెండోది. మూడేళ్ళకు నా డ్రాఫ్టుల మీద ఎర్రగీతలు తగ్గాయి. 2008లో రిటైరయ్యేదాకా ఆ చేతి పుస్తకం నా డ్రాయరులోనే ఉంది.

ఇప్పుడు ఎందుకు ఇదంతా అంటారేమో. బకాయిల అర్జీ, బ్యాంకుకు ఫిర్యాదు, వైద్య ఖర్చుల బిల్లుకు కొర్రీ జవాబు, ఇవన్నీ నేటికీ మనకు తప్పవు. తెలుగులో రాయగలిగిన చోట తెలుగులోనే రాయండి. ఇంగ్లీషు తప్పనిచోట పొట్టి వాక్యాలు రాయండి. ఒక వాక్యానికి ఒకే విషయం. రాసింది ఒక పూట పక్కన పెట్టి, గట్టిగా పైకి చదివి, అప్పుడు సంతకం చెయ్యండి. 'కాదా? లేదా?' అన్న ప్రశ్నలకు ఒట్టి యెస్, నో రాయకండి. పూర్తి వాక్యం రాయండి.

ఆ అటెండరుగారి భార్య మంజూరు ఉత్తర్వు తీసుకున్న రోజున పిల్లలతో వచ్చి, 'మీ చలవ వల్ల వచ్చింది బాబూ' అని నాకు అరటిపళ్ళు ఇచ్చి వెళ్ళింది. ఆలస్యం నా వల్లనే అయిందని చెప్పలేకపోయాను. తరువాత చెప్పే సందర్భం రాలేదు. యాభై ఏళ్ళు దాటాక ఇక్కడ మొదటిసారి చెబుతున్నాను. ఆ పిల్లలు ఎవరైనా ఈ సంచిక చూస్తే, వారి తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇది: రాసింది నేనే.

ఆదివారం ఉదయాలు సంఘం ఆఫీసులో ఉంటాను. అర్జీలు ఉన్న సభ్యులు కాగితాలు తీసుకుని రావచ్చు. కలిసి రాసుకుందాం.