పిలుపు అందితే మంటల్లోకి... గనుల్లో ఉన్నది, ఊళ్లలో లేనిది

సుల్తానాబాద్: ఎండలు ముదిరితే రాజీవ్ రహదారి వెంట ఉన్న పల్లెలకు నిప్పు భయం మొదలవుతుంది. సుల్తానాబాద్ ప్రాంతం రైస్‌మిల్లులకు పెట్టింది పేరు. కోతలు ముగిసే సమయానికి ఊక, వరిగడ్డి, ధాన్యం బస్తాలు ఎక్కడికక్కడ పేరుకుపోతాయి. గడ్డివాముకు అంటుకున్న నిప్పు పక్కనున్న పశువుల కొట్టానికి పాకడానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే. అగ్నిమాపక శకటం పెద్దపల్లి నుంచి వచ్చినా, కరీంనగర్ నుంచి వచ్చినా, దారి ఎంత బాగున్నా, లోపలి గ్రామానికి చేరేసరికి ఆ నిమిషాలు గడిచిపోతాయి. అప్పటిదాకా మంటలతో తలపడేది బిందెలు, బకెట్లు పట్టుకున్న ఇరుగుపొరుగువారే. వారిలో శిక్షణ పొందినవారు నలుగురున్నా నష్టం తగ్గుతుందన్నది కాదనలేని మాట.

ఈ చిక్కును కొన్ని దేశాలు మరో విధంగా పరిష్కరించుకున్నాయి. బ్రిటన్ గ్రామీణ ప్రాంతాల్లో ‘ఆన్‌కాల్’ ఫైర్‌మెన్ ఉంటారు. వారు వృత్తిరీత్యా కొట్టు యజమానులో, మెకానిక్‌లో, రైతులో అయి ఉంటారు. సాధారణంగా అగ్నిమాపక కేంద్రానికి ఐదు నిమిషాల్లో చేరుకోగల దూరంలో నివసించాలి, లేదా పని చేస్తుండాలి. నడుముకున్న పరికరం మోగగానే చేతిలోని పని వదిలి పరుగెత్తాలి. ఇందుకు ఏటా కొంత నిర్ణీత మొత్తం, హాజరైన ప్రతి పిలుపునకు వేరుగా వేతనం లభిస్తాయి. అమెరికాలో 2020 లెక్కల ప్రకారం అగ్నిమాపక సిబ్బందిలో దాదాపు 65 శాతం మంది ఇటువంటి స్వచ్ఛంద, పాక్షిక సేవకులే. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీ శివారు పట్టణాల్లోనూ అనేకం ఈ దళాల రక్షణలోనే ఉన్నాయి.

మన వద్ద అగ్నిమాపక శాఖలో చేరదలచిన యువకుడికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది శాశ్వత కొలువు. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర పోలీసు నియామక మండలి వెలువరించిన ప్రకటనలో 610 ఫైర్‌మన్ పోస్టులున్నాయి. ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత, 167.6 సెంటీమీటర్ల ఎత్తు తప్పనిసరి. ఆదిలాబాద్ వంటి ఏజెన్సీ ప్రాంతాల గిరిజన అభ్యర్థులకు ఎత్తులో సడలింపు ఉంది. ప్రాథమిక రాత పరీక్ష గట్టెక్కినవారు 1,600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆపై లాంగ్‌జంప్, షాట్‌పుట్, తుది రాత పరీక్ష. ఎంపికైనవారికి హైదరాబాద్ శివారులోని వట్టినాగులపల్లి అగ్నిమాపక అకాడమీలో శిక్షణ ఇస్తారు. ప్రకటన 2022లో వెలువడగా, ఆ అభ్యర్థులు శిక్షణ ముగించుకుని బయటకు వచ్చింది 2024లో. కొలువు కోసం ఎదురుచూసే యువకుడు ఎన్నేళ్లు ఓపిక పట్టాలో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

రెండో దారి హోంగార్డు. 1946 డిసెంబరు 6న బొంబాయిలో రూపుదిద్దుకున్న ఈ వ్యవస్థ 1962 చైనా యుద్ధం తరవాత దేశమంతటా విస్తరించింది. సొంత వృత్తి చేసుకుంటూనే అవసరమైనప్పుడు సేవకు రావడం దీని మూల ఉద్దేశం. అంటే కాగితం మీద ఇది బ్రిటన్ పద్ధతికి దగ్గరి చుట్టమే. ఆచరణలో మాత్రం అగ్నిమాపక కేంద్రాల్లోని హోంగార్డులు రోజువారీ విధుల్లోనే మునిగి ఉంటారు. వారికి లభించేది జీతం కాదు, దినభత్యం. అది 2025 జనవరి నుంచి రోజుకు 921 రూపాయల నుంచి వెయ్యి రూపాయలకు పెరిగింది. రోజంతా స్టేషన్‌లో గడిపేవారికి సొంత వృత్తి చేసుకునే వీలు ఎక్కడిది?

గోదావరిఖనిలో మరో పద్ధతి

పిలుపు అందగానే పని వదిలి వచ్చే పద్ధతి మన ప్రాంతానికి పూర్తిగా కొత్త కాదు. సుల్తానాబాద్‌కు ఎంతో దూరంలో లేని గోదావరిఖని గనుల్లో అది దశాబ్దాలుగా అమలులో ఉంది. 1985 నాటి గనుల రక్షణ నియమావళి ప్రకారం భూగర్భ గనుల్లో పనిచేసేవారి నుంచే కొందరిని రెస్క్యూ శిక్షణకు ఎంపిక చేస్తారు. ప్రథమ చికిత్సలో అర్హత, గట్టి వైద్య పరీక్ష ఉండాలి. తరవాత వారు ఎప్పటిలాగే తమ గనిలో తమ పనే చేసుకుంటారు. నిర్ణీత వ్యవధుల్లో రెస్క్యూ కేంద్రానికి వెళ్లి సాధన చేస్తారు. ఇందుకు ప్రత్యేక భత్యం ఉంటుంది. ప్రమాదం జరిగితే కబురు రాగానే బృందంగా దిగుతారు.

వారి సాధన సామాన్యమైనది కాదు. ఆక్సిజన్ యంత్రం వీపుకు తగిలించుకుని, ముఖానికి మాస్కు బిగించుకుని, పొగ నిండిన ఇరుకు దారుల్లో పాకాలి, బరువులు మోయాలి. ఈ యంత్రాల్లో కొన్ని నాలుగు గంటల వరకు శ్వాసను అందిస్తాయి. బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకునే స్వభావం కలది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. అందువల్ల రెస్క్యూ కార్మికుడి పనిలో మంటలార్పడం ఒక భాగమైతే, ఆ ప్రాంతానికి అడ్డుగోడలు కట్టి గాలి అందకుండా మూసివేయడం మరో భాగం.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు మృత్యువాత పడ్డారు. 2022 మార్చి 7న అడ్రియాల గనిలో పైకప్పు కూలినప్పుడు ముగ్గురు మరణించగా, శిథిలాల్లో చిక్కుకున్న మరికొందరిని ప్రాణాలతో బయటకు తీసుకురాగలిగారు. ఇటువంటి వేళల్లో గని లోపలి దారులు, గాలి పోకడ తెలిసిన మనిషి విలువ బయటివారికి అంత తేలికగా అర్థం కాదు.

ఇదే సూత్రం ఊళ్లకూ వర్తిస్తుంది. ఏ బావిలో నీళ్లున్నాయో, ఏ సందులోకి శకటం పట్టదో, ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలివారున్నారో స్థానికుడికే తెలుస్తుంది. అయితే గనుల్లో దీన్ని నడిపించేది యాజమాన్యంపై చట్టం మోపిన బాధ్యత. పల్లెల్లో అటువంటి బాధ్యత ఎవరిపైనా లేదు. 2016లో ప్రయోగాత్మకంగా మొదలైన ‘ఆపద మిత్ర’ కింద విపత్తుల సమయంలో సాయపడే స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇస్తున్నా, అందులో కొలువు గానీ నెలసరి వేతనం గానీ లేవు.

పాక్షిక సేవకులను నియమిస్తే పొలం పనుల మధ్యలో పరుగెత్తుకొచ్చిన కూలీకి ఆ పూట కూలి ఎవరివ్వాలి, గాయపడితే వైద్య ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు ముందుగా తేలాలి. రక్షణ దుస్తులు, శ్వాస యంత్రం లేకుండా మనిషిని పొగలోకి పంపితే, కాపాడవలసినవారి సంఖ్య మరొకటి పెరుగుతుంది. గని రెస్క్యూ బృందం ఒంటరిగా ఎవరినీ లోపలికి పంపదు. ఐదారుగురు నాయకుడి వెంట వెళ్తారు, కలిసే తిరిగి వస్తారు. వారిలో ఒకరి యంత్రం మొరాయించినా మొత్తం బృందం వెనుదిరగవలసిందే.